బదనికలన్నీ ఒకటి కావు!
మామిడి కొమ్మపై పూచే వాండా ఆర్కిడ్‌ను గుర్తించండిలా

ఏలూరు: మామిడి కొమ్మపై మరో మొక్క కనిపిస్తే చాలు, రైతు దానిని బదనికగా ఎంచి కత్తికి పని చెబుతాడు. అయితే తెలుగునాట ఈ పేరు వేర్వేరు మొక్కలకు చెల్లుతోంది. వాటిలో ఒకటి చెట్టు సారాన్ని పీల్చే పరాన్నజీవి. మరొకటి బెరడును ఆధారంగా మాత్రమే చేసుకుని పూసే ఆర్కిడ్. ఈ తేడా తెలియకపోతే హాని చేసే మొక్కతోపాటు చేయని మొక్క కూడా నేలరాలుతుంది. మామిడికి పేరుపడిన నూజివీడు ప్రాంతం 2022లో ఏలూరు జిల్లాలో చేరినందున ఈ వివరం జిల్లా రైతులకు మరింత అవసరం.

పేరు వెనుక కథ
ఈ ఆర్కిడ్ శాస్త్రీయ నామం వాండా టెస్సెల్లేటా. ఇంటర్మీడియట్ విద్యార్థులు వృక్షోపజీవికి ఉదాహరణగా చదివే వాండా ప్రజాతికి చెందినదే ఇది. సంస్కృతంలోని ‘వందా’ అన్న మాటే ఆ ప్రజాతికి పేరైంది. 1781 నుంచి సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కలపై వెలువరించిన గ్రంథంలో 1795లో దీనిని చిత్రంతో సహా వర్ణించారు. రేకులపై ఉండే గళ్లను బట్టి ‘టెస్సెల్లేటా’ అని పేరు పెట్టారు.

ముందు వేరు చూడాలి
పూత లేని రోజుల్లో వేరే అసలు గుర్తు. వాండా వేర్లు లావుగా, తెల్లగా ఉండి బెరడుపై పాకుతాయి లేదా గాలిలో వేలాడుతాయి. వాటిపై ఉండే వెలమిన్ పొర వాన నీటిని, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తడిసినపుడు వేరు పచ్చబడుతుంది. పరాన్న బదనిక వేరు మాత్రం కొమ్మలోకే చొచ్చుకుపోతుంది. అది అతికిన చోట కొమ్మ ఉబ్బి కణుపులా కనిపిస్తుంది. దాని ఆకులు వెడల్పుగా, మందంగా ఉంటాయి. పూలు సన్నని గొట్టాల్లా ఉంటాయి. వాండా ఆకులు సన్నగా, మధ్యకు మడిచిన దొన్నెలా రెండు వరుసల్లో అమరి ఉంటాయి.

రంగు మారినా జాతి మారదు
వాండా పూలు సువాసన కలిగి, ఒక్కో గుత్తికి సుమారు అయిదు నుంచి పది వరకు పూస్తాయి. రేకులు పసుపు పచ్చగానో, ఆకుపచ్చగానో, బూడిద రంగులోనో ఉండి వాటిపై గోధుమ రంగు గళ్లు కనిపిస్తాయి. ‘పెదవి’గా పిలిచే కింది రేకు నీలం, ఊదా లేదా గులాబీ రంగులో ఉంటుంది. ఒక్కో మొక్కకు ఈ రంగులు మారినంత మాత్రాన వేర్వేరు జాతులుగా భావించరాదు.

పోలిన మొక్కలు
అకాంపే ప్రీమోర్సా ఆకులు మరింత వెడల్పుగా, బిరుసుగా ఉండి కొన ఎవరో కొరికినట్లు ఉంటుంది. చిన్న పసుపు పూలపై ఎర్రటి అడ్డ చారలుంటాయి. పూగుత్తి ఆకుల కంటే పొట్టిది. సింబిడియం అలోయిఫోలియం పొడవాటి ఆకులు మొదలు నుంచి కుదురుగా వస్తాయి. పూగుత్తి కిందికి వేలాడుతుంది. ఈ రెండింటినీ రాక్స్‌బర్గ్ అదే గ్రంథంలో చిత్రించారు.

చెట్లు తక్కువగా ఉండే కొల్లేరు పరిసరాల్లో ఆర్కిడ్‌ను వెదకవలసింది నేలపైనే. జ్యూక్సిన్ స్ట్రాట్యుమాటికా అనే జానెడు మొక్క తడి పచ్చికలో, పొలం గట్లపై పెరిగే రకం. శీతకాలంలో పసుపు పెదవి గల తెల్లని చిరుపూలు పూసి, ఆపై ఎండిపోతుంది.

తొందరపడితే నష్టం
వాండా విత్తనాలు ధూళి వలె సూక్ష్మమైనవి. వాటిలో ఆహార నిల్వ ఉండదు. తగిన శిలీంధ్రం తోడైతేనే మొలకెత్తుతాయి; మొలకెత్తినా పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. దీనికితోడు కొన్ని ప్రాంతాల్లో ‘రాస్నా’ పేరుతో ఈ వేర్లను మందుల కోసం సేకరిస్తారు. అందువల్ల ఒకచోట నరికిన మొక్క స్థానంలో మరొకటి రావడం సులభం కాదు.

పరాన్న బదనికను కాయలు పండకముందే, అతికిన చోటుకు దిగువన కొమ్మతో సహా తొలగించాలి. కాయలను తిన్న పిట్టల ద్వారా జిగురు గింజలు ఇతర కొమ్మలకు చేరడమే దీనికి కారణం. వాండాను మాత్రం ఉన్నచోటే ఉంచవచ్చు. సందేహం కలిగితే కత్తి ఎత్తకముందే వేరు, ఆకు స్పష్టంగా కనిపించేలా ఫొటో తీసి స్థానిక ఉద్యాన అధికారులకు చూపడం మేలు.