కడుపుకు పడని సప్లిమెంట్లు: బ్రాండ్ కాదు, డబ్బా వెనకవైపు చూడాలి

పుదుచ్చేరి పట్టణంలో ఐరన్ మాత్రో, కాల్షియం మాత్రో కొనడానికి పెద్దగా తిరగనక్కర్లేదు. నెహ్రూ వీధి వైపు వెళ్తే మందుల షాపులు కనిపిస్తాయి. పట్టణానికి ఉత్తరాన, సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆరోవిల్‌లో పెంచిన స్పిరులినా కూడా ఇక్కడ దొరుకుతుంది. కొనడం తేలికే. కానీ కొందరికి వాటిని కడుపులో ఇముడ్చుకోవడమే కష్టం. మాత్ర మింగిన గంటకే వికారం, పొట్ట ఉబ్బరం. మర్నాటికి మలబద్ధకమో, విరేచనాలో.

దీన్ని చిన్న ఇబ్బందిగా కొట్టిపారేయలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వీరిలో చాలామందికి ఐరన్ మాత్ర ఉచితంగానే అందుతుంది. కడుపుకు పడక మధ్యలో మానేస్తే మాత్రలు ఇంట్లో మిగులుతాయి, రక్తహీనత ఒంట్లో మిగులుతుంది. అందుకే సున్నితమైన జీర్ణశక్తి ఉన్నవారు అడగాల్సింది 'ఏ బ్రాండ్ మంచిది?' అని కాదు. అసలు లోపం ఉందా, ఆ పోషకం ఏ రూపంలో ఉంది, మోతాదు ఎంత, మాత్రలో ఇంకేం కలిపారు అన్నవే అసలు ప్రశ్నలు.

ముందు లోపం తేలాలి

నీరసంగా ఉందని మల్టీవిటమిన్ మొదలుపెట్టడం మనలో చాలామందికి అలవాటు. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, బి12, విటమిన్ డి పరీక్షలు చేయిస్తే ఏది తక్కువో తెలుస్తుంది. ఒకే లోపం ఉన్నవారు ఇరవై పదార్థాలు కలిపిన మాత్ర మింగితే, వాటిలో కడుపుకు పడనిది ఏదో కనిపెట్టడం కష్టం.

మరో ముఖ్యమైన సంగతి ఉంది. కొన్నిసార్లు పేగుల జబ్బే పోషకాల లోపానికి మూలం. 1960ల తొలి ఏళ్లలో వేలూరు చుట్టుపక్కల పల్లెల్లో ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బు ప్రబలింది. విడవని విరేచనాలతో పాటు బి12, ఫోలేట్ లోపాలు కనిపించిన ఆ జబ్బును వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు విస్తృతంగా అధ్యయనం చేశారు. గోధుమల్లోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు, కడుపులో హెలికోబాక్టర్ పైలోరి ఇన్ఫెక్షన్ ఉన్నవారిలోనూ ఇనుము తగ్గవచ్చు. గ్యాస్ కోసం ఏళ్ల తరబడి వాడే ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటి మాత్రలు, మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ బి12ను తగ్గించగలవు. మూలం వదిలేసి సప్లిమెంట్ మారుస్తూ పోతే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

ఐరన్: తక్కువతో ఎక్కువ

మింగిన ఇనుములో ఒంటికి పట్టేది కొంతే. మిగిలినది పేగుల్లో ఉండిపోయి వికారం, కడుపునొప్పి, మలబద్ధకం తెస్తుంది. అందువల్ల మోతాదు పెంచితే ఫలితం కన్నా బాధే ఎక్కువ పెరగవచ్చు.

ఇనుము ఒంట్లోకి చేరగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. అది దాదాపు ఒక రోజు పాటు ఇనుము రాకను అడ్డుకుంటుంది. 2017లో లాన్సెట్ హెమటాలజీ పత్రికలో వచ్చిన స్విట్జర్లాండ్ అధ్యయనం దీన్నే పరీక్షించింది. ఇనుము నిల్వలు తక్కువగా ఉన్న 40 మంది మహిళల్లో కొందరికి రోజూ, కొందరికి రోజు విడిచి రోజు 60 మిల్లీగ్రాముల ఇనుము ఇచ్చారు. రోజూ తీసుకున్నవారికి సుమారు 16 శాతం ఒంటబట్టగా, రోజు విడిచి రోజు తీసుకున్నవారికి సుమారు 22 శాతం పట్టింది. కడుపు పడనివారు ఈ పద్ధతి గురించి డాక్టర్‌ను అడగవచ్చు. గర్భిణులు, రక్తహీనత తీవ్రంగా ఉన్నవారు మాత్రం సొంతంగా మోతాదు మార్చుకోకూడదు.

రూపం మార్చడం మరో దారి. ఫెర్రస్ సల్ఫేట్ చవక, పనిచేస్తుంది, కానీ కొందరికి పడదు. అలాంటివారికి ఫెర్రస్ బిస్‌గ్లైసినేట్ కాస్త తేలికగా ఉండవచ్చు. ఉప్పు బరువు వేరు, అందులోని అసలు ఇనుము బరువు వేరు. లేబుల్ మీద 'ఎలిమెంటల్ ఐరన్' ఎంతో చూడాలి. పరగడుపున పడకపోతే తిన్నాక వేసుకోవచ్చు. ఒంటికి కొంచెం తక్కువ పట్టినా, పూర్తిగా మానేయడం కన్నా మేలు. ఫిల్టర్ కాఫీకి, టీకి మాత్రం కనీసం గంట, రెండు గంటల ఎడం ఉండాలి.

ఐరన్ వాడేటప్పుడు మలం నల్లగా రావడం మామూలే. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే రక్తస్రావం కావచ్చు, వెంటనే డాక్టర్‌ను కలవాలి. ఈ మాత్రలు పిల్లలు మింగితే ప్రాణం మీదకు వస్తుంది. వారికి అందకుండా దాచాలి.

కాల్షియం, మెగ్నీషియం, విటమిన్ సి

కాల్షియం కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. దాన్ని భోజనంతోనే వేసుకోవాలి. గ్యాస్, మలబద్ధకం దీనితో ఎక్కువ. ఆమ్లం తగ్గించే మందులు వాడేవారికి కాల్షియం సిట్రేట్ నయం. అయితే కార్బొనేట్‌లో 40 శాతం కాల్షియం ఉంటే సిట్రేట్‌లో 21 శాతమే కాబట్టి మాత్రలు ఎక్కువ వేసుకోవాల్సి రావచ్చు. ఏదైనా ఒక్కసారికి 500 మిల్లీగ్రాముల కాల్షియం మించకపోతే బాగా ఒంటబడుతుంది.

మెగ్నీషియం ఆక్సైడ్ విరేచనకారిగా పనిచేస్తుంది. మలబద్ధకం ఉన్నవారికి అది లాభమే, పలచగా అయ్యేవారికి నష్టం. అలాంటివారు గ్లైసినేట్ రూపం చూసుకోవచ్చు. విటమిన్ సి రోజుకు 2 గ్రాములు దాటితే విరేచనాలు పట్టుకునే అవకాశం ఎక్కువ. థైరాయిడ్ మాత్ర వాడేవారు ఐరన్, కాల్షియం మాత్రలను దానికి నాలుగు గంటల ఎడంగా వేసుకోవాలి.

అసలు దోషి పక్కవాడు కావచ్చు

చాలాసార్లు విటమిన్ కాదు, దానితో కలిపినవే కడుపును ఇబ్బంది పెడతాయి. చప్పరించే మాత్రల్లో, చక్కెర లేని సిరప్‌లలో సార్బిటాల్, మాల్టిటాల్, జైలిటాల్ ఉండవచ్చు. ఇవి పేగుల్లో పులిసి గ్యాస్, విరేచనాలు తెస్తాయి. 'ఫైబర్ కలిపాం' అని రాసిన పొడుల్లో ఇనులిన్ ఉందేమో చూడాలి. పాలు పడనివారు వే ప్రోటీన్ కాన్సన్‌ట్రేట్‌కు బదులు లాక్టోస్ చాలా తక్కువగా ఉండే ఐసొలేట్‌ను ఎంచుకోవచ్చు.

ప్రోబయోటిక్ వేసుకుంటే కడుపు అన్నిటికీ అలవాటు పడుతుందనీ అనుకోకూడదు. పేగుల ఇబ్బందుల్లో ప్రధానమైన ఐబీఎస్‌కు పరిశోధనల్లో తప్ప ప్రోబయోటిక్‌లను సిఫారసు చేయలేమని 2020లో అమెరికన్ గ్యాస్ట్రోఎంటరలాజికల్ అసోసియేషన్ చెప్పింది.

స్పిరులినా లెక్క

ప్రకృతి సిద్ధమైంది కాబట్టి కడుపుకు పడుతుందని చాలామంది స్పిరులినా వైపు చూస్తారు. ఎండు స్పిరులినాలో సగానికి పైగా ప్రోటీన్ ఉన్న మాట నిజం. కానీ మనం తినేది రోజుకు రెండు, మూడు గ్రాములు. మూడు గ్రాములకు ప్రోటీన్ రెండు గ్రాముల లోపే, ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం 100 గ్రాముల ఎండు స్పిరులినాలో ఇనుము సుమారు 28 మిల్లీగ్రాములు. మూడు గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా రాదు. ప్రభుత్వం గర్భిణులకు ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది.

శాకాహారులు మరో విషయం గుర్తుంచుకోవాలి. స్పిరులినాలో బి12గా లెక్కకు వచ్చేదాంట్లో ఎక్కువ భాగం మన శరీరానికి పనికిరాని నకలు రూపం. బి12 లోపానికి మందుగా దాన్ని నమ్ముకోకూడదు. ఇష్టంగా తినేవారు తినవచ్చు. ఏ కంపెనీదైనా, ఇతర నాచుల విషాలు, భారలోహాలు లేవని పరీక్ష చేయించారా అని అడగడం కొనేవారి హక్కు.

లేబుల్ చదివే పద్ధతి

ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల కింద హెల్త్ సప్లిమెంట్ అయితే ఆ మాట లేబుల్ మీద ఉండాలి. వైద్యానికి వాడేది కాదని కూడా రాయాలి. 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉండాలి. జబ్బు నయం చేస్తుందని ఆ డబ్బా చెబితే అనుమానించాల్సిందే. మందుగా తయారైన మాత్ర మీద ఔషధ తయారీ లైసెన్స్ నంబర్ ఉంటుంది. రెండూ ఒకే అల్మారాలో ఉండవచ్చు, కానీ రెండూ ఒకటి కావు.

మొదలుపెట్టేటప్పుడు ఒకసారికి ఒక్కటే మొదలుపెట్టాలి. వారం, పది రోజులు చూసి, పడితేనే రెండోది. ఏ రోజు ఏం వేసుకున్నారో, ఏమైందో చీటీ మీద రాసుకుంటే డాక్టర్‌కు అదే సగం సమాచారం.

బరువు తగ్గిపోతున్నా, మలంలో రక్తం కనిపించినా, నిద్రలేపి మరీ విరేచనాలు అవుతున్నా, ఐరన్ వాడుతున్నా రక్తం పెరగకపోయినా కొత్త డబ్బా వెతకడం ఆపాలి. పుదుచ్చేరి వాసులకు, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి వచ్చే తెలుగువారికి జిప్మర్ వంటి పెద్దాసుపత్రి అందుబాటులోనే ఉంది. వెళ్లేటప్పుడు వాడుతున్న డబ్బాలన్నీ సంచిలో వేసుకెళ్లాలి. మందులు చెప్పి సప్లిమెంట్లు దాచేస్తే, కడుపు ఎందుకు తిరగబడుతోందో ఎంత మంచి డాక్టర్‌కైనా అంతుపట్టకపోవచ్చు.