కంట్రీ సంగీతం: ఎవరి పాట?

అమెరికా కంట్రీ సంగీతం తెల్లవారి పల్లెపాట అని చాలామంది అభిప్రాయం. అది సగమే నిజం. బ్రిటన్, ఐర్లండుల నుంచి వలస వెళ్ళినవారు అపలేచియన్ కొండల్లో తమ కథాగేయాలను నిలుపుకొన్నారు. ఇంగ్లండులో అరుదైపోయిన పాటలను సెసిల్ షార్ప్ 1916-18 మధ్య అక్కడ సేకరించాడు. (పుట్టినచోట మరుగైనది వలసచోట మిగలడం హోసూరు, బరంపురం విద్యార్థులకు కొత్త సంగతి కాదు.) అయితే ఆ పాటకు తోడైన బాంజో, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి వాద్యం.

1920లలో రికార్డు కంపెనీలు ఈ ఉమ్మడి సంగీతాన్ని రంగును బట్టి విడదీశాయి: తెల్లవారిది 'హిల్‌బిల్లీ', నల్లవారిది 'రేస్'. 1927లో బ్రిస్టల్‌లో తొలిసారి రికార్డయిన కార్టర్ కుటుంబం ప్రసిద్ధికెక్కింది. తరువాత ఎ.పి. కార్టర్ వెంట ఊరూరా తిరిగి, బాణీలు గుర్తుంచుకొని వచ్చిన నల్లజాతి కళాకారుడు లెస్లీ రిడిల్ పేరు మాత్రం చాలాకాలం మరుగున పడింది. 'హిల్‌బిల్లీ' నిజానికి వెక్కిరింత మాట. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక 'కంట్రీ అండ్ వెస్టర్న్' అన్న పేరును స్వీకరించింది. పేరు మారింది గాని గీత చెరగలేదు.

రైలు, గనిపని, తాగుడు, అమ్మ, వీటిని ఇంట్లో మాట్లాడే యాసలోనే పాడటం దీని ఆకర్షణ. 1950ల చివర నాష్‌విల్ స్టూడియోలు ఫిడేలును తగ్గించి, బృందగానం చేర్చి దీన్ని పట్నవాసులకు దగ్గర చేశాయి. ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌కు గ్రామీ ఒక నల్లజాతి కళాకారిణికి, బియాన్సేకు, దక్కింది 2025లోనే.