మన ఓటు లేకుండా గెలిచే ఎంపీ



"లోక్‌సభ ఎంపీకి మీరు ఓటేశారు. మరి రాజ్యసభ ఎంపీకి ఎవరు వేశారు?" పార్లమెంటు పాఠం చదివాక మీ పిల్లలు ఇలా అడిగితే "ఎమ్మెల్యేలు" అని చెప్పి వదిలేయకండి. కాగితం, పెన్ను తీసుకోండి. అసలు సంగతి లెక్కలో ఉంది.

రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 స్థానాలు. పదవీకాలం ఆరేళ్లు. రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు కాబట్టి ఈ సభ ఎప్పుడూ రద్దు కాదు. ఓటు వేసేది రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన సభ్యులే. ఎమ్మెల్సీలకు ఓటు లేదు (చాలామంది ఉందనుకుంటారు).

ఒకేసారి 3 స్థానాలు ఖాళీ అయ్యాయనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది ఎమ్మెల్యేలు. ఒక్కో ఓటు విలువ 100 చొప్పున మొత్తం 17,500. స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి, అంటే 4తో, దాన్ని భాగించి, వచ్చినదానికి 1 కలపాలి. 4,376 వస్తుంది. అంటే 44 మంది మొదటి ప్రాధాన్యం ఇచ్చినవారు గెలిచినట్లే. 119 మంది ఉన్న తెలంగాణ లెక్క పిల్లల చేత చేయించండి, 30 రావాలి.

ఇక్కడ ఓటరు 1, 2, 3 అని తన ఇష్టం వరుసలో అంకెలు వేస్తాడు. గెలిచినవారికి కోటాకు మించి వచ్చిన విలువ రెండో ప్రాధాన్యం పొందినవారికి వెళ్తుంది. ఎవరికీ కోటా అందకపోతే, అందరికన్నా తక్కువ వచ్చినవారిని తప్పించి వారి ఓట్లు బదిలీ చేస్తారు. దీనివల్ల సభలో 131 మంది ఒకవైపు, 44 మంది మరోవైపు ఉన్నా ఆ 44 మందికి ఒక సీటు దక్కుతుంది. వారిలో ఒక్కరు అటు జారితే మూడూ ఎదుటివారివే!

ఈ "ఒక్కరి" విలువ 2017 ఆగస్టులో గుజరాత్‌లో తెలిసొచ్చింది. 3 స్థానాలకు 176 మంది ఓటేశారు. గెలవాలంటే 45 కావాలి. ఈ ఎన్నికలో ఎమ్మెల్యే తన బ్యాలెట్‌ను సొంత పార్టీ ఏజెంటుకు చూపించాలి, ఇంకెవరికీ చూపకూడదు. ఇద్దరు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ఈ నియమం తప్పారని ఎన్నికల సంఘం రాత్రి పొద్దుపోయాక వారి ఓట్లు రద్దు చేసింది. మిగిలినవి 174. కాంగ్రెస్ అభ్యర్థి అహ్మద్ పటేల్‌కు వచ్చినవి 44. ఆయన గెలిచారా లేదా అన్నది, పై లెక్కలో 174 పెట్టి మీ పిల్లలనే చెప్పమనండి.