మూలికల పొడిలో దాగిన స్టెరాయిడ్

రెండేళ్ళ క్రితం మండపేటలోని మా వైద్యశాలకు అరవై ఏళ్ళ గృహిణి ఒకరు వచ్చారు. ఆమవాతానికి ఊరూరా తిరిగి అమ్మే ఒక వ్యక్తి వద్ద కొన్న ‘అచ్చమైన మూలికల’ పొడిని ఆరు నెలలుగా వాడుతున్నారు. “రెండో రోజుకే నొప్పి పోయిందండీ. మానితే మాత్రం మంచం దిగలేకపోతున్నాను” అన్నారు. ముఖం గుండ్రంగా ఉబ్బింది. చర్మంపై కమిలిన మచ్చలున్నాయి. ఎన్నడూ లేని మధుమేహం బయటపడింది.

గురుకులంలో మాకు ద్రవ్యపరీక్షను కంటితో, ముక్కుతో, నాలుకతో నేర్పారు. ఆ పొడిని రుచి చూశాను. శొంఠి, అశ్వగంధ తెలిశాయి. మరేమీ తెలియలేదు. లక్షణాలను బట్టి అనుమానించి హైదరాబాదులోని ఒక ప్రయోగశాలకు పంపగా, అందులో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉన్నదని తేలింది.

యంత్రం ఎలా పట్టుకొంటుంది?

ఆ పరీక్ష పేరు మాస్ స్పెక్ట్రోమెట్రీ. పొడిని ద్రావకంలో కరిగించి, సన్నని గొట్టం గుండా పంపి, అందలి పదార్థాలను వేరుచేస్తారు. అణువులకు విద్యుదావేశం కల్పించి, వాటి బరువును నిర్ణయిస్తారు. డెక్సామెథసోన్ అణుభారం సుమారు 392. బీటామెథసోన్‌దీ అంతే. అయినా గొట్టం నుండి వెలువడే సమయంలోని తేడాను బట్టి ఏది ఏదో గుర్తిస్తారు.

మన గోదావరి జిల్లాల రొయ్యలకు ఇట్టి పరీక్షలు కొత్త కావు. నిషిద్ధమైన క్లోరాంఫెనికాల్ కిలోకు 0.15 మైక్రోగ్రాములు చేరినా ఐరోపా సమాఖ్య దేశాలు ఆ సరుకును అంగీకరించవు. 2022 నవంబరు నుండి ఈ హద్దు అమలులో ఉంది. పరదేశపు పళ్ళెంలోని రొయ్యకు ఇంత పరీక్ష ఉండగా, మన అలమరలోని పేరులేని పొడికి ఏ పరీక్షా లేదు!

పాఠకులు గమనించవలసినవి

1. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు లేని పొడులను కొనరాదు.

2. రెండు రోజుల్లో నొప్పిని మాయంచేసి, మానగానే తిరగబెట్టే పొడిని శంకించాలి.

3. అట్టి పొడిని నెలల తరబడి వాడినవారు హఠాత్తుగా మానరాదు. శరీరం తన సహజ స్రావాన్ని తగ్గించుకొని ఉంటుంది కనుక రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలుగవచ్చును. మిగిలిన పొడితో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆ గృహిణిని నేనూ అలాగే పంపాను. అక్కడి వైద్యులు స్టెరాయిడ్‌ను కొన్ని నెలలపాటు క్రమంగా తగ్గించి మాన్పించారు. పిదప నేను శొంఠి కషాయంలో ఆముదం ఇచ్చాను. నొప్పి పూర్తిగా పోలేదు. ముఖం మాత్రం మామూలైంది.

తెలియని ఔషధాన్ని చరకుడు విషంతో పోల్చాడు. తెలుసుకొనేందుకు యంత్రం సాయం తీసుకోవడం వైద్యునికి చిన్నతనం కాదు.