పెన్సిల్ గీతలో మెదడు జాడ

లండన్‌లో స్థిరపడిన అమెరికన్ చిత్రకారుడు విలియం అటర్‌మోలెన్‌కు 1995లో అల్జీమర్స్ ఉన్నట్టు తేలింది. అయినా తన ముఖాన్ని తానే గీసుకోవడం ఆయన మానలేదు. మొదటి బొమ్మల్లో కళ్లు, ముక్కు ఉన్నచోటే ఉన్నాయి. 2000 నాటి పెన్సిల్ బొమ్మల్లో ముఖం ఆనవాలు దాదాపు చెరిగిపోయింది. ఆయన చెయ్యి బలహీనపడి కాదు, ఏ గీత ఎక్కడ పడాలో చెప్పే మెదడు దెబ్బతిని.

బొమ్మ గీయడమంటే చేతి పని అనుకుంటాం. గుర్తు తెచ్చుకోవడం, దూరాలు లెక్కేసుకోవడం, తప్పును గమనించడం... అన్నీ మెదడు పనులే. అందుకే మతిమరుపు అని వచ్చిన పెద్దవాళ్లకు స్కానింగ్ కంటే ముందు కాగితం, పెన్సిల్ ఇస్తాం. గడియారం గీసి, 11 గంటల 10 నిమిషాలు చూపించమంటాం. కొందరు అంకెలన్నీ ఒకే పక్క ఇరికిస్తారు. ఇంకొందరు పెద్ద ముల్లును 2 దగ్గర కాకుండా 10 దగ్గర పెడతారు. ఈలోగా పక్కనున్న కొడుకో కోడలో ‘‘అక్కడ కాదు నాన్నగారూ’’ అని అందిస్తుంటారు. దయచేసి అందించకండి, మాకు కావలసింది ఆ తప్పే!

అయితే ఈ ఒక్క పరీక్షతో జబ్బు ఉందని తేల్చకూడదు. చదువు రానివారూ, చూపు మందగించినవారూ ఆరోగ్యంగా ఉండి కూడా తడబడతారు. పైగా మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, డిప్రెషన్, ఎప్పుడో కిందపడినప్పుడు తలలో చేరిన రక్తం కూడా కారణం కావచ్చు. వీటికి చికిత్స ఉంది. ‘వయసు మీద పడింది’ అని వదిలేస్తే నష్టపోయేది ఇలాంటివారే.

పక్షవాతంలో మరో వింత కనిపిస్తుంది. మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరు పువ్వును గీయమంటే కుడి సగమే గీస్తారు. కంచంలో ఎడమవైపు అన్నం అలాగే వదిలేస్తారు. ఇది ఉన్నట్టుండి మొదలైతే ఇంట్లో పరీక్షలు పెట్టకుండా 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోపే పడాలి.

రాసేకొద్దీ అక్షరాలు చిన్నవైపోతుంటే పార్కిన్సన్స్ ఉందేమో చూడాలి. ఆస్పత్రికి వచ్చేటప్పుడు వాడుతున్న మందులతో పాటు, పెద్దాయన అయిదారేళ్ల కిందటి చేతిరాత ఉన్న కాగితం ఒకటి తీసుకురండి.