జపాను భాషాభ్యసనము – తెలుగు వ్యాకరణము

చెన్నపురి చెంత ఇరుంగాట్టుకోట్టైలో 1998లో హ్యుందాయి, ఒరగడములో 2010లో రెనో–నిస్సాను కార్ల ఉత్పత్తి ఆరంభమైన పిదప, కొరియా, జపాను భాషలు నేర్వగోరువారు నగరమున హెచ్చిరి. ఇన్కో కేంద్రమున కొరియను భాషయు, ఏ.బి.కె.–ఏ.ఓ.టి.ఎస్. దోసొకైయందు జపాను భాషయు బోధింపబడుచున్నవి.

ఈ విద్యలో తెలుగు బాలునకు మూలధనము మాతృభాషా వ్యాకరణమే. జపానులో ‘హోన్ ఓ యోము’ అనగా ‘పుస్తకమును చదువును’ అని యర్థము. ‘హోన్’ పుస్తకము, ‘ఓ’ మన ద్వితీయావిభక్తి వంటిది, ‘యోము’ క్రియ. అట్లే ‘కర’ యనునది మన ‘నుండి’. ‘తో’ యనునది మన ‘అని’. క్రియ వాక్యాంతముననే నిలుచును. కొరియను వాక్యరచనయు నిట్టిదే. చీనాలో మాత్రము క్రియ సాధారణముగా కర్మకు ముందే వచ్చును, విభక్తిప్రత్యయములు లేవు.

సుసుము ఓనో పండితుడు జపాను, తమిళములకు బాంధవ్యము గలదనెను గాని, భాషాశాస్త్రజ్ఞులలో అధికులు సమ్మతింపలేదు. సాదృశ్యము వేరు, బాంధవ్యము వేరు. బోధనకు సాదృశ్యమే చాలును.

తమిళనాట 2006 నాటి చట్టముతో తమిళ పఠనము అంచెలంచెలుగా తప్పనిసరి యైనది. తమిళము నేర్చుట మేలే. దానియందును విభక్తులు గలవు. కాని ‘తెలుగు కూడు పెట్టునా?’ యని తలిదండ్రులే యింటిభాషను మాన్పించుట తగదు. అది నిచ్చెనను తన్ని మేడ యెక్కబూనుటయే.