తాతగారి కారుకి చల్లగాలి

పాత అంబాసిడర్‌కి ఏసీ అంటే గ్యాసు నింపించుకుని వచ్చేయడం కాదు. రేడియేటర్ నుంచి తలుపు రబ్బర్ల దాకా అన్నీ చూసుకోవాలి. తెలుసుకుని చేయిస్తే మాత్రం షెడ్డులో ఉన్న కారు మళ్లీ రోడ్డెక్కుతుంది!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో, నెత్తిన కాలిన రేకు, కాళ్ల దగ్గర ఇంజిను సెగ... పాత అంబాసిడర్‌లో ప్రయాణం ఎలా ఉంటుందో గోదావరి జిల్లాల వాళ్లకు వేరే చెప్పాలా! అందులోనూ కొవ్వూరు లాంటి నది ఒడ్డు ఊళ్లో ఎండకు ఉక్కపోత తోడు. అద్దం దించితే వడగాలి, ఎత్తితే చెమట. అందుకే పాత కారున్న ఇళ్లలో ఏటా వేసవిలో ఒకటే చర్చ... ‘ఏసీ పెట్టిద్దామా, అమ్మేద్దామా?’ అని.

అమ్మితే చాలాసార్లు వచ్చేది పాత ఇనుము ధరే. ఉంచుకుందామంటే, పెద్దవాళ్లు ఆ వేడిలో కూర్చోలేరు. వాళ్లు ఎక్కని కారు మెల్లగా షెడ్డుకే పరిమితమవుతుంది. కదలని కారు తుప్పు పడుతుంది. అంటే ఏసీ ఇక్కడ విలాసం కాదు, బండి బతకడానికి ఒక దారి.

బెల్టు ఊడదీస్తేనే ఆగేది!

బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 ఆధారంగా అంబాసిడర్ పుట్టింది 1950ల్లో. హిందుస్థాన్ మోటార్స్ దాన్ని పశ్చిమబెంగాల్‌లోని ఉత్తరపారలో 2014 దాకా తయారుచేసింది. ఆ రోజుల్లో మన కార్లలో ఏసీ మాటే లేదు. అమెరికాలో మాత్రం ప్యాకార్డ్ సంస్థ 1939లోనే ఏసీ కారు తెచ్చింది. దాని సరంజామా డిక్కీలో సగం ఆక్రమించేది. ఆపడానికి స్విచ్చి ఉండేది కాదు. ఇంజిను ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే!

మన దగ్గర తర్వాతి కాలంలో డ్యాష్‌బోర్డు కింద వేలాడే ఏసీ పెట్టెలు వచ్చాయి. 1990ల్లో 1817 సీసీ ఇసుజు ఇంజిను వచ్చాక అంబాసిడర్‌కు ఏసీ మోసే సత్తా పెరిగింది. అంతకుముందు నాటి 1489 సీసీ ఇంజినుకు అది బరువే. ఎందుకంటే ఏసీ కంప్రెసర్ తిరిగేది ఇంజిను శక్తితోనే.

కుండలో నీళ్ల సూత్రమే

కొత్త కుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి? కుండ గోడల్లోంచి ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది కాబట్టి. ఏసీలోనూ అంతే. కూలింగ్ కాయిల్‌లో ద్రవం ఆవిరవుతూ కారు లోపలి వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కి ముందుకు తోస్తుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్ ఆ వేడిని బయటి గాలికి వదిలేస్తుంది. ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది. గాలిలోని తేమ కూడా కాయిల్ మీద నీరై బయటికి పోతుంది. మన ఉక్కపోతకు అసలు మందు ఇదే.

1974... ఇక్కడ వంతెన, అక్కడ హెచ్చరిక

పాత కార్ల ఏసీల్లో ఉండేది ఆర్-12 అనే గ్యాసు. మంట అంటుకోదు, విషం కాదు. 1930 నుంచీ దానికి తిరుగులేదు. కొవ్వూరునీ రాజమండ్రినీ కలిపే రోడ్డు-రైలు వంతెన మొదలైన 1974లోనే, షేర్‌వుడ్ రోలండ్, మారియో మొలీనా అనే శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక సంగతి బయటపెట్టారు. ఈ జాతి వాయువులు పైకి చేరి ఓజోన్ పొరను తినేస్తాయని! 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఆ పరిశోధనకు 1995లో నోబెల్ దక్కింది. 2010 నాటికి మనదేశం కూడా ఆర్-12 తయారీకి స్వస్తి చెప్పింది. కాబట్టి ఇప్పుడెవరైనా ‘అసలైన పాత గ్యాసు ఉంది’ అంటే అనుమానించాల్సిందే.

దాని స్థానంలో వచ్చింది ఆర్-134ఏ. ఓజోన్‌కు హాని చేయదు. అయితే పాత ఏసీలో దీన్ని నేరుగా నింపితే చిక్కే. ఆర్-12తో వాడే మినరల్ ఆయిల్ ఇందులో కలవదు. నూనె అందక కంప్రెసర్ పట్టేస్తుంది. కొత్త గ్యాసుకు పీడనం కూడా ఎక్కువే. పాత కండెన్సర్ ఆ వేడిని వదల్లేదు.

ఉంచాలా, మార్చాలా?

పాత ఏసీ ఉన్న కారైతే ముందు నైట్రోజన్ నింపి లీకులు పట్టాలి. అంతకంటే ముందే, పాత గ్యాసు మిగిలి ఉంటే గాల్లోకి వదలకుండా యంత్రంతో సిలిండర్లోకి తీయించాలి. పైపులు, ఓ-రింగులు, తేమను పీల్చే డ్రయర్... ఈ మూడూ కొత్తవి వేయాలి. లోపలంతా కడిగి, కొత్త గ్యాసుకు సరిపడే నూనె పోయాలి. కండెన్సర్ పెద్దది పెట్టి, దానికి ఎలక్ట్రిక్ ఫ్యాను బిగించాలి. పైకి కనిపించే పెట్టె, మీటలు బాగుంటే వాటిని కదపనక్కర్లేదు. కారు పాత అందం అలాగే ఉంటుంది.

అసలు ఏసీయే లేని కారైతే అన్నీ కొత్తగా అమర్చాలి. అప్పుడు డైనమో చాలదు, ఆల్టర్నేటర్ కావాలి. రేడియేటర్ శుభ్రం చేయించాకే ఏసీ జోలికి వెళ్లాలి. వాహనాలు బారులు తీరినప్పుడు వంతెన మీద కారు ఆగితే ఎదురుగాలి ఉండదు. అప్పుడు ఫ్యానే దిక్కు. అది బలహీనమైతే ఏసీ చల్లబరచదు సరికదా, ఇంజిను మరిగిపోతుంది.

మెకానిక్కు దగ్గర అడగాల్సినవి

గ్యాసు పెట్టే ముందు వాక్యూమ్ పంపు కనీసం అరగంట నడిపించారా? లోపల తేమ మిగిలితే సన్నని వాల్వు దగ్గర మంచై అడ్డుపడుతుంది. గ్యాసును తూకం వేసి నింపుతున్నారా? పాత ఏసీని మార్చినప్పుడు ఆర్-12 పట్టే బరువులో 80-90 శాతం చాలు. ఎక్కువ పోస్తే చల్లదనం పెరగదు, తగ్గుతుంది. చవగ్గా వస్తుందని వంటగ్యాసు లాంటిది కలుపుతామంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి. కూలింగ్ కాయిల్ ఉండేది మనుషులు కూర్చునేచోటే. అక్కడ కారితే నిప్పురవ్వ చాలు.

తలుపు రబ్బర్లు చినిగితే వచ్చిన చల్లదనమంతా బయటికే పోతుంది. ఇంజిను గోడకూ నేలకూ మందపాటి ఫెల్టు వేయిస్తే సెగ తగ్గుతుంది. ఎండ ఆపడానికి అద్దాలకు నల్ల ఫిల్ములంటే కుదరదు, సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది. ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోతే కార్పెట్ తడిసి నేల రేకు తుప్పు పడుతుంది. వేసవికి ముందొకసారి దాన్ని ఊది చూసుకోవాలి.

ఆర్-134ఏ కూడా శాశ్వతం కాదు. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు వెయ్యి రెట్లకు పైమాటే. 2016 నాటి కిగాలీ ఒప్పందం ప్రకారం మనదేశం ఈ తరహా వాయువుల వాడకాన్ని 2032 నుంచి తగ్గించుకుంటూ రావాలి. కాబట్టి లీకు లేకుండా ఒకసారి గట్టిగా చేయించుకోవడమే తెలివి. ఏటా గ్యాసు నింపించుకోవాల్సి వస్తుంటే ఏసీ బాగున్నట్టు కాదు, ఎక్కడో కారుతున్నట్టే. ఆ చిల్లు వెతికి పట్టుకునే మెకానిక్కు దొరికితే, సగం పని అయినట్టే!